వంతు చెప్పే మనిషి

ఫోన్ మీద నాలుగు గీతలూ నిండుగా ఉంటాయి. కాల్ మాత్రం పోదు. ఖమ్మం దగ్గర మా కుసుమంచి సెంటర్లో, టీ కొట్టు దగ్గర ఫోన్లు ఆకాశానికెత్తి పట్టుకున్న కుర్రాళ్ళని చూస్తే నాకు నవ్వూ వస్తుంది, ఒళ్ళూ మండుతుంది. ఒరేయ్ నాయనా, ఆ గీతలు చెప్పేది నీకూ టవరుకీ మధ్య సంగతి ఒక్కటే. టవరు అవతల నీ మాట ఎన్ని అంచెలు దాటాలో, ఏ అంచెలో ఇరుక్కుందో వాటికేం తెలుసు? ఎంత ఎత్తి పట్టుకున్నా చెయ్యి నొప్పి పుట్టడం తప్ప ఒరిగేదేం లేదు.

చెబితే వినరు. "మీ రోజుల్లో అసలు ఫోన్లే లేవు గదా తాతా" అంటారు. లేకపోవడమేందిరా? ఉన్నాయి. తక్కువున్నాయి. ఆ తక్కువదాన్ని పదిమందికీ ఎట్లా పంచాలో తెలిసిన మనుషులు కూడా ఉన్నారు. నా ఏడుపంతా ఆ మనుషుల గురించే.

నేను తంతి తపాలా శాఖలో టెలిఫోన్ ఆపరేటర్‌గా చేరినవాణ్ణి. 1985లో శాఖ రెండుగా చీలితే టెలికాం వైపు పడ్డాను. 2000 అక్టోబర్ 1న అది బీఎస్ఎన్ఎల్ అయింది, నేనూ దాంతోపాటే అయ్యాను. ఇప్పుడు పెన్షన్ తింటూ పాలేరు చెరువు గాలి పీలుస్తున్నాను కాబట్టి సణగడానికి కావలసినంత తీరిక ఉంది.

ఖమ్మం ట్రంక్ బోర్డు ముందు కూర్చున్న రోజులు చెప్పాలి. కుసుమంచి నుంచి గుంటూరుకి మాట్లాడాలంటే ముందు ఖమ్మం రావాలి, ఖమ్మం నుంచి విజయవాడ, అక్కడి నుంచి గుంటూరు. ప్రతి అంచెలోనూ మాలాంటి ఒక ఆపరేటరు చెవికి హెడ్‌సెట్ తగిలించుకుని, చేతిలో లైన్లు కలిపే త్రాడు పట్టుకుని ఉంటాడు. మిరప కోతలు మొదలయ్యాయంటే ఇక చూడండి. గుంటూరు యార్డులో ఆ పూట ధర ఎంత పలికిందో తెలిస్తేగానీ ఇక్కడ కాటా కదలదు. ఒక్కో బుకింగుకీ ఒక చీటీ. ఎన్నింటికి బుక్ చేశారు, ఎవరు, ఎక్కడికి, ఏ రకం కాల్ అన్నీ దాని మీద ఉంటాయి. ఆర్డినరీకి మామూలు ఛార్జి, అర్జెంటుకి రెండింతలు, లైట్నింగ్‌కి ఎనిమిదింతలు. మూడు నిమిషాలు ఒక కాల్. మూడో నిమిషం నిండగానే లైన్లోకి వచ్చి "మూడు నిమిషాలయ్యాయి, పొడిగించమంటారా?" అని అడగాలి. అవతల పెళ్లి మాటలు నడుస్తున్నా, దాయాదుల తగాదా నడుస్తున్నా అడగాల్సిందే.

ఇందులో బయటివాళ్ళకి తెలియని కిటుకు ఒకటుంది. ఖమ్మానికీ విజయవాడకీ మధ్య ఛానళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. విజయవాడ ఆపరేటరు "గుంటూరు ఖాళీ లేదు, హోల్డ్ చెయ్యి" అన్నాడనుకోండి. కొత్తగా చేరిన పిల్లలు బుద్ధిగా హోల్డ్ చేసి కూర్చునేవాళ్ళు. గుంటూరు దొరికేదాకా మన విజయవాడ ఛానల్ ఉత్తినే ఎండిపోతూ ఉండేది. ఇటు విజయవాడకే మాట్లాడాల్సిన నలుగురు చీటీలు పట్టుకుని పడిగాపులు. అనుభవమున్న ఆపరేటరు అట్లా చేయడు. గుంటూరు అంచె ఖాళీ అయ్యే అంచనా తీసుకుని, ఈలోపు విజయవాడ కాల్ ఒకటి తోసేసి, అది ముగిసేసరికి గుంటూరుకి తగులుకునేలా చూస్తాడు. రెండంచెల దారిలో రెండు అంచెలూ ఒకే క్షణంలో చేతికొస్తేనే పని. ఒకదాన్ని పట్టుకుని రెండోదాని కోసం ఎదురుచూడటమంత దండగ ఇంకోటి లేదు. దీన్ని మాకెవరూ బళ్ళో చెప్పలేదు. పక్క బోర్డు మీది పెద్దాయన తల మీద మొట్టి చెప్పాడు.

అంతా ధర్మంగా నడిచిందని మాత్రం అనను. ఎనిమిదింతలు పెట్టగలిగినవాడు ఎప్పుడూ ముందే. ఆఫీసర్ల కాల్స్‌కి చీటీ రాయకముందే లైన్. పండక్కి బెల్లం బుట్ట పంపిన వ్యాపారి చీటీ పైకి తేలేది. ఎట్లా తేలేదో అందరికీ తెలుసు. కానీ తేలిందని అడగడానికి ఒక మనిషి ఉన్నాడు. "నా తరవాత రాయించినోడికి ముందిచ్చావేంది?" అని ఖమ్మం ఎక్స్ఛేంజీ మెట్లెక్కి వచ్చి నా మొహం మీదే అరిచిన కుసుమంచి రైతులున్నారు. చీటీలు తీసి చూపించేవాణ్ణి. మావాడి తప్పయితే నోరు మూసుకుని తిట్లు తినేవాళ్ళం. ఆసుపత్రి కబురనీ, ప్రాణం మీదికొచ్చిందనీ చెబితే వరస పక్కనపెట్టి కలిపేవాళ్ళం. అబద్ధం చెప్పి కలిపించుకున్నవాడు మళ్ళీ మా బోర్డుకి దొరక్కపోడు గదా.

తరవాత ఆపరేటరు అక్కర్లేకుండా నంబరు నేరుగా తిప్పుకునే ఎస్టీడీ వచ్చింది. 1960లో కాన్పూరు, లక్నోల మధ్య మొదలైన వైభవం మా దాకా రావడానికి ఒక తరం పట్టింది. 1984లో సీ-డాట్ అనే సర్కారు పరిశోధన సంస్థ పెట్టారు. శామ్ పిట్రోడా బృందం చేసిన 128 లైన్ల చిన్న ఎక్స్ఛేంజీ ఏసీ గది లేకుండా, పల్లెటూరి దుమ్మూ ఎండా తట్టుకుని పనిచేసేది. మంచి యంత్రం, దాన్ని తప్పు పట్టను. దాంతో త్రాడు పట్టుకున్న చేతులకి పని పోయింది. నన్ను భద్రాచలం అవతలికి, అడవి వైపుకి వేశారు. అసలు కథ అక్కడే.

తొంభైల్లో ఊరూరికీ ఫోన్ ఇవ్వాలని సర్కారు పట్టుబట్టింది. అడవిలో స్తంభాలు పాతి తీగలు లాగితే ఒక్క గాలివానకి సగం నేల మీద ఉంటాయి. రాగితీగ అయితే గాలివాన కూడా అక్కర్లేదు, దొంగలే చూసుకుంటారు. అందుకని మార్ అనే రేడియో పద్ధతి తెచ్చారు. ఎక్స్ఛేంజీ పక్కన ఒక ఎత్తయిన కంబం మీద యాంటెన్నా. ఒక్కో ఊళ్ళో కిరాణా కొట్టు మీదో, పంచాయతీ గది మీదో ఇనప గొట్టం నిలబెట్టి, దానికి చేప ముల్లులా పుల్లలున్న యాంటెన్నా ఎక్స్ఛేంజీ వైపు తిప్పి బిగించేవాళ్ళం. పక్కనే సోలార్ పలక, కింద బ్యాటరీ పెట్టె, లోపల నల్ల ఫోను. కొండ అడ్డమొస్తే మధ్యలో ఒక రిపీటర్.

ఆ పద్ధతికి మేం పెట్టుకున్న పేరు 'టూ బై ఫిఫ్టీన్'. 15 ఊళ్ళకి కలిపి రెండే ఛానళ్ళు. రెండు ఊళ్ళు మాట్లాడుతుంటే మూడో ఊరికి ఎంగేజ్ మోత. అంతే. చీటీ లేదు, వరస లేదు, అర్జెంటు లేదు, లైట్నింగ్ లేదు. ఎవడు ముందు ఎత్తితే వాడిది. దాన్ని తయారుచేసిన ఇంజనీర్లు లెక్క లేకుండా చేశారనను. పదిహేనూ ఒకేసారి ఎత్తవు, రెండు చాలు అనుకున్నారు. కాగితం మీద ఆ లెక్క నిలుస్తుంది. అయితే ఆ లెక్క వేసినవాళ్ళెవరూ చర్ల సంత చూసి ఉండరు. సంత రోజు చింతపండు కొనేవాడికీ, ఇప్ప పువ్వు అమ్మేవాడికీ, భద్రాచలంలో చదివే కొడుక్కి కబురు చెప్పాల్సిన తల్లికీ అందరికీ ఆ పొద్దునే ఫోన్ కావాలి.

ఇంకో చిక్కుంది. ఏదో ఒక ఊళ్ళో కొట్టాయన మాట్లాడాక రిసీవరు సరిగ్గా పెట్టడు. పిల్లి కదిలించినా అంతే. ఆ ఛానల్ పట్టుబడిపోతుంది. రెండింట్లో ఒకటి పోయిందంటే సగం అడవికి ఫోన్ పోయినట్టే. మిగతా పద్నాలుగు ఊళ్ళూ ఒక్క ఛానల్ మీద కొట్టుకోవాలి. ఏ ఊళ్ళో ఉందో ఆ రిసీవరు? బస్సు దిగి, అద్దె సైకిలెక్కి, వాగు దాటి, కొట్టు దాకా పోయి, రిసీవరుని ఎత్తి ఒద్దికగా దాని గూట్లో పెట్టి, మళ్ళీ సైకిలెక్కి వచ్చిన ఉద్యోగం చేశాను నేను. జీతం దానికే ఇచ్చారంటే మా మనవరాలు నమ్మదు.

ఇక ఆకుల సంగతి. ఆ అడవి టేకు అడవి. మాఘ ఫాల్గుణాల్లో ఆకు రాలి చెట్లు మోడులై నిలబడితే సిగ్నల్ గంటలా మోగేది. తొలకరి పడి ఆకు వేసిందా, తడిసిన టేకాకు ఒక్కోటి చేటంత ఉంటుంది, రేడియో తరంగాన్ని అది తాగేసేది. వానాకాలంలోనే కదా మలేరియా, వానాకాలంలోనే కదా వాగు అడ్డంపడి మనుషులు ఆగిపోయేది. ఫోన్ బాగా కావలసినప్పుడే అది మూగబోయేది. మబ్బు పట్టి సోలార్ పలక మొహం వేలాడేస్తే ఆ మూగతనం మరింత. ఇవి చాలవన్నట్టు కోతులు. యాంటెన్నా పుల్లలు పట్టుకుని ఊగితే అది ఎక్స్ఛేంజీ వైపు చూడటం మానేసి గోదావరి వైపు చూసేది.

అయినా మేం ఒక ఏర్పాటు చేసుకున్నాం. కొట్ల వాళ్ళందరితో మాట్లాడి, సంత రోజు మధ్యాహ్నం దాకా బేరాల కాల్స్ కురచగా ముగించాలని, నర్సమ్మ గానీ ఆశ్రమ పాఠశాల వార్డెన్ గానీ వస్తే ఎవరు మాట్లాడుతున్నా కట్ చేసి ఇవ్వాలని. యంత్రంలో లేని వరసని మనుషులం పెట్టుకున్నాం. అందరూ పాటించారా అంటే లేదు. కాని పాటించనివాడెవడో అందరికీ తెలిసేది, సంతలో వాడికి ఆ మాట వినపడేది.

మార్ చివరికి నిలవలేదు. దేశమంతా అదే గతి. పాడైనవి పాడైనట్టే పడి ఉండటంతో 2002 తరవాత సార్వత్రిక సేవా నిధి డబ్బుతో లక్షా ఎనభై వేలకు పైగా ఊళ్ళలో వాటిని పీకేసి వేరే ఫోన్లు పెట్టాల్సి వచ్చింది. పోయినందుకు నేనేం ఏడవలేదు. ఆ సైకిలు తొక్కినవాడెవడూ ఏడవడు.

రేడియో అంచెలు నిజంగా ధర్మంగా నడవడం నేను చూసింది గోదావరి గట్టున. ఆ శాఖ మాది కాదు, కేంద్ర జలసంఘం వాళ్ళది. పేరూరు, దుమ్ముగూడెం, భద్రాచలం, కూనవరం అట్లా నది పొడుగునా కొలబద్దల దగ్గర వాళ్ళ మనుషులు, వైర్‌లెస్ సెట్లు. మామూలు రోజుల్లో గంట కొట్టినట్టు ఒకరి తరవాత ఒకరు. కంట్రోల్ పేరు పిలుస్తుంది, పిలిచినవాడు అంకె చెబుతాడు, మిగతావాళ్ళు నోరెత్తరు. ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఇద్దరు మాట్లాడితే ఇద్దరి మాటా పోతుందని వాళ్ళకి తెలుసు. వరద ఎక్కిందంటే ఆ వరస మారిపోయేది. నీళ్ళు నిలకడగా ఉన్న చోటివాడు ఆగుతాడు, గంటగంటకీ పెరుగుతున్న చోటివాడు ముందు. పేరూరు పైన పెరిగిందంటే భద్రాచలం ముందే సర్దుకోవాలి గదా. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర నీళ్ళు 75.6 అడుగులకి పోయాయి. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులకి. ఆ పైన ఇంకో ఇరవై రెండడుగులంటే ఏంటో అక్కడున్నవాడికి తెలుస్తుంది. 2022 జులైలో మళ్ళీ 71.3 వచ్చింది.

మా మనవరాలు వరంగల్ ఎన్‌ఐటీలో ఎం.టెక్ చేస్తోంది. దాని ప్రాజెక్టు ఏందంటే, వైర్‌లెస్ రిలే నెట్‌వర్కుల్లో షెడ్యూలింగు. పోయిన సెలవులకి వస్తే ఈ గోదావరి సంగతి చెప్పాను. అది కళ్ళు పెద్దవి చేసి, "తాతా, దీన్నే 1992లో టసియులస్, ఎఫ్రెమిడెస్ అని ఇద్దరు లెక్క కట్టి నిరూపించారు" అంది. అమెరికాలో మేరీలాండ్ యూనివర్సిటీ వాళ్ళట. ప్రతి అంచెలోనూ ఇటు ఎంత పేరుకుందో, అటు ఎంత పేరుకుందో చూసి, తేడా ఎక్కువున్న అంచెకి ముందు వంతు ఇస్తే మొత్తం నెట్‌వర్కు మోయగలిగినంత బరువూ మోస్తుందట. బ్యాక్‌ప్రెషర్ అంటారట. గోదావరి గట్టు మీద సెట్టు పట్టుకున్నాయన దానికోసం ఏ లెక్కా కట్టలేదు. బాగా చదువుకున్నవాళ్ళు నిరూపించారు కాబట్టి ఇప్పుడు ఆయన చేసిందీ కరెక్టే అయి ఉంటుంది.

"మరి ఇప్పటి టవర్లు అట్లానే చేస్తాయా?" అన్నాను. అక్కడ మొదలైంది మా ఇద్దరికీ.

4జీ టవరు సంగతి అది చెప్పినంత మేరకు చెబుతాను. కాలాన్ని సెకనులో వెయ్యో వంతు ముక్కలుగా కోస్తుందట. స్పెక్ట్రాన్ని 180 కిలోహెర్ట్జ్ బద్దలుగా చీలుస్తుందట. 20 మెగాహెర్ట్జ్ ఉన్న కంపెనీకి ఒక్కో ముక్కలో 100 బద్దలు. ఆ వెయ్యో వంతు సెకనులో ఏ బద్ద ఎవరికివ్వాలో టవరులోని యంత్రం తేలుస్తుంది. మన ఫోన్ ఊరికే ఉండదు. నాకు ఎంత బాగా వినపడుతోంది అని 0 నుంచి 15 దాకా ఒక మార్కు వేసి టవరుకి పంపుతూ ఉంటుంది. బాగా వినపడేవాడికే అన్నీ ఇచ్చేస్తే మొత్తం మీద ఎక్కువ డేటా పోతుంది, ఊరి చివరవాడు మాత్రం ఎండిపోతాడు. అందుకని ఈ క్షణంలో నీకెంత రాగలదు, ఇన్నాళ్ళూ సగటున నీకెంత వచ్చింది, ఈ రెంటినీ భాగించి ఎవరి నిష్పత్తి ఎక్కువుంటే వాడికి వంతు. క్వాల్కమ్ వాళ్ళ దగ్గర డేవిడ్ త్సే లాంటివాళ్ళు ఆలోచించిన పద్ధతి ఇది.

"చూశావా తాతా, అందరికీ దాదాపు సమానంగా టైము దొరుకుద్ది. మీ చీటీల కంటే న్యాయం. ఎవడూ బెల్లం బుట్ట పంపలేడు" అంది.

అక్కడే దొరికింది నాకు. టైము సమానం, సరే. ఆ టైములో ఎవరికి ఎంత ముట్టింది? మాది సాగర్ ఎడమ కాలువ ఊరు. నిజాం ఇంజనీరు అలీ నవాజ్ జంగ్ నాటి పాలేరు చెరువుని తరవాత ఆ కాలువ మీద బ్యాలెన్సింగ్ రిజర్వాయరుగా వాడుకున్నారు. నీళ్ళు తక్కువైన ఏడు వారబందీ పెడతారు. ఒక్కో తూముకీ ఇన్ని గంటలని. కాలువ మొదట్లో ఉన్నవాడికి తూమెత్తగానే నీళ్ళు. చివరి మడివాడికి ముందు కాలువ తడవాలి, నెర్రెలు తాగాలి, ఆ పైన దారిలో ఎవడో కొట్టిన గండి దాటాలి. వాడి గంటలు అయిపోయేసరికి మడిలో అడుగు తడుస్తుంది. గంటలు సమానమే గదా అంటే వాడు పార తీసుకుని మీదికొస్తాడు. పంజాబు, హర్యానాల్లో ఈ సంగతి ఎప్పుడో కనిపెట్టారు. అక్కడి వారబందీలో కాలువ నిండటానికి పట్టే సమయాన్ని విడిగా లెక్కేసి ఆ రైతు వంతుకి కలుపుతారు. భరాయి అంటారు దాన్ని. మరి మీ టవర్లలో భరాయి ఏదీ అన్నాను. అది కాసేపు మాట్లాడలేదు. తరవాత నోట్‌బుక్ తీసి ఏదో రాసుకుంది.

ఒక్క టవరుతో పోయేదయితే ఇంత గొడవ లేదు. అంచెలు పెరిగేకొద్దీ అసలు నష్టం మొదలవుతుంది. మా వాడు మేడ మీదికి వైఫై రాలేదని రిపీటర్ ఒకటి తెచ్చి మెట్ల దగ్గర తగిలించాడు. గీతలు నిండుగా వచ్చాయి, స్పీడు సగం పడిపోయింది. మోసపోయామని వాడు కొట్టువాడితో తగువుపెట్టుకోబోతే నేనే ఆపాను. అందులో ఉన్నది ఒకటే రేడియో. ఒకే ఛానల్ మీద అది విననైనా వినాలి, చెప్పనైనా చెప్పాలి, రెండూ ఒకేసారి చేయలేదు. కింద నుంచి విన్న ప్రతి ముక్కనీ మళ్ళీ పైకి చెప్పాలి కాబట్టి ఒక్కో ముక్కకీ రెండు వంతులు ఖర్చు. ఇంకో రిపీటర్ తగిలిస్తే ఇంకా తగ్గుతుంది. అందరూ అందలమెక్కితే మోసేవాడెవడన్నట్టు, మోసే యంత్రానికీ వంతు కావాలి, అది మన వంతులోంచే పోవాలి.

పెద్ద నెట్‌వర్కుల్లోనూ ఇదే బాధ. వైమాక్స్ అనే పద్ధతిలో 2009లో రిలేల కోసం, అంటే ఒక టవరు మాట ఇంకో టవరు మోయడం కోసం, ప్రమాణం రాశారు, తరవాత 4జీలో పెట్టారు, 2020లో 5జీలో మళ్ళీ పెట్టారు. ఏ టవరు మోత ఏ టవరు మోయాలి, మోసేవాడికి ఎన్ని బద్దలు ఇవ్వాలి, తన ఊరివాళ్ళకి ఎన్ని మిగలాలి అన్నదే తెగని తగువు. మా మనవరాలు అందులోనే తల దూర్చింది పాపం.

మన అడవి అంచులో ఈ తగువు పుస్తకాల్లో లేదు, కొండల మీదే ఉంది. వామపక్ష తీవ్రవాద ప్రభావమున్న పది రాష్ట్రాల్లో టవర్లు వేయడానికి 2014లో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. చివరికి 2,343 చోట్ల నిలబెట్టారు. సోలార్‌తో నడిచే 2జీ టవర్లు. 2022లో వాటిని 4జీ చేయాలని మళ్ళీ నిర్ణయం. మంచి పని, కాదని ఎవరన్నారు? కానీ కేబులు వేయలేని చోట ఆ టవరు తన మాటని ఉపగ్రహానికి పంపాలి, లేదా ఆ తెల్ల డ్రమ్ము యాంటెన్నాతో కొండ మీద ఇంకో టవరుకి పంపాలి, అది ఇంకో దానికి. మొదటి టవరు కింద ఊరికి దాని సొంత వాటా ఒక్కటే ఖర్చు. చివరి టవరు మాట మాత్రం దారిలో ప్రతి టవరు వాటాలోంచీ కొంత తింటుంది. దారిలో ఉన్న ఊళ్ళో ఐపీఎల్ మొదలయిందంటే చివరి ఊళ్ళో ఆశా కార్యకర్త ఫోటో అప్‌లోడ్ కాదు. ఆమె ఫోన్ మీద గీతలు మాత్రం నిండుగానే ఉంటాయి.

2024 సెప్టెంబర్ 1ని మా మండలంలో ఎవరూ మరిచిపోరు. ఖమ్మంలో మున్నేరు 36 అడుగులు తాకింది. ఇటు పాలేరు పొంగి రోడ్డెక్కింది. నాయకన్‌గూడెంలో జనం ఇళ్ళ కప్పులెక్కారు. కరెంటు లేదు, అందరూ ఒకేసారి ఫోన్లు ఎత్తారు. మా బంధువులకి పొద్దుటి నుంచి ప్రయత్నిస్తుంటే ఒకసారి పోతుంది, పదిసార్లు పోదు. "వీడియోకి వెనక వరస, మాటకి ముందు వరస, 112కి అన్నిటికన్నా ముందు వరస ఉంటాయి తాతా" అని మనవరాలు తరవాత సర్దిచెప్పింది. ఉంటాయి, తెలుసు. కానీ మాటకీ మాటకీ మధ్య? కప్పు మీద నిలబడి పడవ పంపమని అడిగేవాడు, ఎంతొచ్చాయిరా నీళ్ళు అని హైదరాబాదులో పరుపు మీద పడుకుని అడిగేవాడు, యంత్రానికి ఇద్దరూ ఒకటే. ట్రంక్ బోర్డు ముందు నేనుంటే మొదటి ముక్క వినగానే రెండోవాడిది పీకి పక్కన పెట్టేవాణ్ణి. అది నియమాల పుస్తకంలో ఉందో లేదో తరవాత చూసుకునేవాళ్ళం.

దీనికి మా మనవరాలి జవాబు: "నువ్వు వినేవాడివి తాతా. అందరి మాటలూ. ఇప్పుడు అట్లా వింటే ఊరుకుంటారా?" నిజమే. కుసుమంచి పెళ్లి సంబంధాలు ముప్పావు వంతు నాకు ముందే తెలిసేవి. ఆ పాయింటు దానికిచ్చేశాను.

కానీ వంతు విషయంలో తగ్గలేదు. "మీ లెక్కలో ఒక షరతు పెట్టు. ఎంత దూరపు అంచె అయినా ఇంత సేపటికి మించి ఎదురుచూడకూడదు అని" అన్నాను. "పెట్టొచ్చు. పెడితే మొత్తం స్పీడు పడిపోద్ది. కంపెనీలు ఒప్పుకోవు" అంది. "నీకు కంపెనీ ఇస్తోందా డిగ్రీ?" అన్నాను. ఆ మాట దానికి నచ్చలేదు. వాళ్ళ నాయనమ్మ మధ్యలో వచ్చి అన్నాలకి లేవమంది.

ఇంతా చెప్పి, నా సొంత గొడవ చెప్పకపోతే ఎట్లా? మా వీధిలో సాయంత్రం ఏడు నుంచి పది దాకా ఒక కంపెనీ ఫోన్ పనిచేయదు. ఏ కంపెనీ అన్నది వదిలేయండి. ఎందుకు పనిచేయదో నాకు తెలుసు. మా టవరు ఇంకో టవరు మీద ఆధారపడింది, దాని దారి ఇరుకు. ఈ ఒక్క ముక్క వాళ్ళలో ఎవరితోనైనా చెబుదామంటే మనిషి దొరకడు. టవరు దగ్గరికి పోతే తాళం, కుక్క, డీజిల్ వాసన. తాళం పక్కన బోర్డు మీద ఉన్న నంబరు వేరే రాష్ట్రంలో మోగుతుంది. ఎత్తినాయనకి కుసుమంచి ఎక్కడుందో చెప్పడానికే నా బ్యాలెన్సు సగం అయిపోయింది.

చివరికి కస్టమర్ కేర్‌కి చేశాను, పగటిపూట, మా ఇంటి నుంచి కాదు, ఖమ్మం బస్టాండ్ నుంచి. తెలుగుకి ఒక అంకె నొక్కమంది, నొక్కాను. ఫిర్యాదుకి ఇంకో అంకె, అదీ నొక్కాను. పాట వేసింది. పాట మధ్యలో ఆడపిల్ల గొంతు, "మీ ముందు ఇంకా తొమ్మిదిమంది ఉన్నారు" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇన్నేళ్ళకి ఒకరు నా వంతు ఎన్నోదో చెప్పారు. తొమ్మిది ఎనిమిదైంది, ఏడైంది. పక్కన నిలబడ్డ మధిర బస్సు కండక్టరుకి కూడా చెప్పాను, చూడవయ్యా, వరస కదులుతోంది అని. ముగ్గురు ఉన్నారని చెప్పాక లైను తెగిపోయింది. మళ్ళీ చేస్తే మళ్ళీ తెలుగుకి అంకె నొక్కమంది.